తూటాలు నింపే సరంజామా: ప్రెస్ కన్నా ముందు కాటా, దానికన్నా ముందు వీసా

సంపాదకుడు గారికి,

నమస్కారం. మీ ప్రవాస పేజీలో ఇటీవల వచ్చిన గురి సాధన వ్యాసంలో, కాల్చిన తూటాల కేసులను (ఖాళీ ఇత్తడి తొడుగులను) ఇంట్లోనే మళ్ళీ నింపుకుంటే ఖర్చు సగానికి సగం తగ్గుతుందన్నారు. తూటా భాగాలను పిడితో నొక్కి కూర్చే ప్రెస్‌లలో ఏది కొంటే గంటకు ఎన్ని వందల తూటాలు దిగుతాయో లెక్క కూడా వేశారు. డాలస్, హ్యూస్టన్, అట్లాంటా పరిసరాల్లో రేంజికి వెళ్ళే తెలుగువాళ్ళు ఆ పేజీ చదివి ఆ రాత్రే ఆర్డరు పెట్టేయగలరు. అందుకే ఈ ఉత్తరం. వ్యాసం వేగం దగ్గర మొదలుపెట్టింది. మొదలుపెట్టాల్సింది కాటా దగ్గర. అంతకన్నా ముందు పాస్‌పోర్టులోని వీసా దగ్గర.

అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం హెచ్‌1బీ, హెచ్‌4, ఎఫ్‌1, సందర్శకుల వీసా లాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకి గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదు. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉండటం లాంటి మినహాయింపులు కొన్ని ఉన్నాయి. గ్రీన్‌కార్డు వచ్చినవాళ్ళకు ఈ నిషేధం లేదు. అసలు మెలిక వేరే చోట ఉంది. ఆ చట్టం తూటాకు ఇచ్చిన నిర్వచనంలోనే ఖాళీ కేసులు, ప్రైమర్లు (మందును అంటించే చిన్న టోపీలు), బుల్లెట్లు, తుపాకి మందు విడివిడిగా చేరి ఉన్నాయి. ‘తుపాకి కొనలేదండీ, ఒక డబ్బా మందూ వెయ్యి ప్రైమర్లే కొన్నాను’ అంటే చెల్లదు. శిక్ష 15 ఏళ్ళ దాకా ఉంటుంది. కొలువూ, గ్రీన్‌కార్డు వరుసా, ఆ దేశంలో ఉండే హక్కూ దాంతోపాటే పోతాయి. సందేహముంటే ఇమిగ్రేషన్ లాయరుకిచ్చే ఫీజే ఈ సరంజామాలో మొదటి ఖర్చు అనుకోండి.

హక్కున్నవాళ్ళు తమ సొంత వాడకానికి నింపుకోవడానికి ఫెడరల్ లైసెన్సు అక్కర్లేదు. అమ్మకానికి చేస్తే తయారీదారు లైసెన్సు కావాలి. రాష్ట్రాల నిబంధనలు వేరు, అవీ చూసుకోవాలి. ఇండియాలో ఉన్న పాఠకులకు మాత్రం ఇది చదువుకునే ముచ్చటే: 1959 ఆయుధ చట్టం 5వ సెక్షన్ కింద లైసెన్సు లేకుండా తూటాలు తయారుచేయడం నేరం. సెలవులకు వచ్చే ప్రవాసులు రేంజికి మోసుకెళ్ళే బ్యాగులో బట్టలు సర్దుకోకపోవడం మంచిది. అడుగున మరచిపోయిన ఒక్క తూటా శంషాబాద్ స్కానర్‌లో కనబడినా పోలీసు కేసే.

ఇక ఆదా సంగతి. తూటాలో నాలుగు భాగాలు: ఇత్తడి కేసు, దాని అడుగున ప్రైమర్, లోపల మందు, మూతికి బుల్లెట్. తిరిగి వాడేది కేసు ఒక్కటే, మిగతా మూడూ కొత్తగా కొనాలి. మందు బరువును గ్రెయిన్లలో లెక్కపెడతారు, పౌండుకు 7000. తూటాకు 5 గ్రెయిన్లు పట్టే పిస్టల్ అయితే పౌండు డబ్బా 1400 తూటాలకు వస్తుంది. 45 గ్రెయిన్లు పట్టే రైఫిల్ అయితే 155 తూటాలకే సరి. దుకాణంలోనే చవకగా దొరికే 9 ఎంఎం పిస్టల్ తూటాలో బుల్లెట్, ప్రైమర్ ధరలు కలిపేసరికి మిగిలేది స్వల్పం. సరంజామా ఖర్చు తిరిగి రావడానికి ఏళ్ళు పడుతుంది. .300 వించెస్టర్ మ్యాగ్నమ్, .45-70, పోటీల్లో వాడే మేలురకం .308 లాంటి రైఫిల్ తూటాల్లోనే డబ్బు కనబడుతుంది. నిజానికి చాలామంది ఆదా చేయరు, అదే డబ్బుకు ఎక్కువ కాలుస్తారు. అది వేరే జబ్బు.

వ్యాసంలో మెచ్చుకున్నది ప్రోగ్రెసివ్ ప్రెస్‌ని. దానిమీద ఒకేసారి నాలుగైదు కేసులు నాలుగైదు దశల్లో ఉంటాయి, పిడి లాగినప్పుడల్లా ఒక తూటా తయారై పడుతుంది. డిల్లన్ 550, 750 ఆ కోవలోవి. గంటకు 400 పైన దింపవచ్చన్న మాట నిజమే. కానీ కొత్తవాడి చేతిలో ఏదో ఒక దశ తప్పితే మిగతావి ఆగవు. మందు పడని కేసుకూ బుల్లెట్ దిగిపోతుంది. సింగిల్ స్టేజ్ ప్రెస్‌లో ఒకసారికి ఒక డై (కేసు మీద పని చేసే అచ్చు), ఒక లాగుకు ఒక పని. యాభై కేసుల ప్రైమర్ తీయడం అయ్యాకే తర్వాతి పని. గంటకు యాభై దిగితే గొప్ప. ఆ నిదానమే పని నేర్పుతుంది: ప్రైమర్ దిగేటప్పుడు చేతికి ఎలా తగలాలో, కేసు ఎప్పుడు పట్టేస్తోందో తెలుస్తుంది. రెంటికీ మధ్య టరెట్ ప్రెస్ ఉంది. డైలు విప్పకుండా పైపళ్ళెం తిప్పుకోవచ్చు. పిస్టల్ ఒక్కటే ఉన్నవాళ్ళకు అది చెడ్డ ఎంపిక కాదు. రైఫిల్ కూడా ఉంటే నా ఓటు పోత ఇనుముతో చేసిన, ‘ఓ’ ఆకారపు చట్రమున్న సింగిల్ స్టేజ్‌కే. ఆర్‌సీబీఎస్ రాక్ చక్కర్, లీ క్లాసిక్ కాస్ట్ అలాంటివి. ముందువైపు తెరిచి ఉండే ‘సీ’ ఆకారపు అల్యూమినియం చట్రం పెద్ద రైఫిల్ కేసు సైజు చేసేటప్పుడు, అంటే ఉబ్బిన కేసును మళ్ళీ అసలు కొలతకు నొక్కేటప్పుడు, కొద్దిగా సాగుతుంది. ఆ సాగుడు కేసు భుజం (మెడ కింది వాలు) కొలతలో తేలుతుంది. రేపు ప్రోగ్రెసివ్ కొన్నా ఈ పాత ప్రెస్ ఎక్కడికీ పోదు, ప్రైమర్లు తీయడానికో తప్పుగా నింపినవి విప్పడానికో పనికొస్తూనే ఉంటుంది.

డైల మరలకు దాదాపు అన్ని కంపెనీలదీ ఒకే కొలత: 7/8 అంగుళం వ్యాసం, అంగుళానికి 14 మరలు. కాబట్టి ఒకరి ప్రెస్‌లో ఇంకొకరి డై కూర్చుంటుంది. కేసు అడుగును పట్టి ఉంచే షెల్ హోల్డర్ నంబర్లు మాత్రం కంపెనీ కంపెనీకీ మారతాయి, నంబరు కాకుండా తూటా పేరు చూసి కొనాలి. ప్రెస్‌ను మడత బల్లకు బిగిస్తే పని జరగదు. రైఫిల్ కేసు సైజు చేసేటప్పుడు బల్ల పైకి లేస్తుంది. మందపాటి చెక్కకు బోల్టులు వేసి, బల్లను గోడకు కట్టేయాలి.

కిట్టు కొనడం తెలివైన పనే, కానీ అందులో ఏది ఉండదో తెలిసి కొనాలి. ప్రెస్, కాటా, మందు కొలిచే పాత్ర, చేతితో ప్రైమర్ దించే పనిముట్టు, గరాటు, కేసులు నిలబెట్టే చిల్లుల పలక సాధారణంగా వస్తాయి. డైలు, షెల్ హోల్డర్, పొడవు కొలిచే కాలిపర్, కేసు పొడవు కోసే ట్రిమ్మర్, బుల్లెట్ విప్పే సుత్తి, శుభ్రం చేసే టంబ్లర్ సాధారణంగా విడిగా కొనాలి. తెలియకపోతే ప్రెస్ వచ్చిన రోజు చేయగలిగేది దానివైపు చూస్తూ కూర్చోవడమే.

ఇక కాటా. గ్రెయిన్ అంటే దాదాపు 65 మిల్లీగ్రాములు, గురిగింజ ఎత్తులో సుమారు సగం. మన పాత తులం లెక్క తెలిసినవాళ్ళకు ఇది సులువు: 1833లో బ్రిటిష్‌వాళ్ళు తులాన్ని 180 గ్రెయిన్లుగా ఖాయం చేశారు, అంటే 11.66 గ్రాములు. ఇప్పుడు బంగారం అంగట్లో అనే 10 గ్రాముల తులం కాదు. .30-06లో వాడే 180 గ్రెయిన్ల బుల్లెట్ అచ్చంగా ఒక పాత తులం ఎత్తు. ఇంత సూక్ష్మమైన లెక్కలో 0.1 గ్రెయిన్ దాకా పట్టిచ్చే కాటా కావాలి. చవక ఎలక్ట్రానిక్ కాటా కాసేపటికి సున్నా నుంచి జరుగుతుంది. ఏసీ గాలి, పక్కన ఫోను, బల్ల అదురు అన్నీ దాన్ని కదిలిస్తాయి. దాన్ని అరగంట ముందే ఆన్ చేసి ఉంచాలి. దండె కాటాకు కరెంటు గొడవ లేదు, కానీ బల్ల సమంగా ఉండాలి, ముల్లును కంటి ఎత్తులో చూడాలి. ఏది కొన్నా పరీక్ష తూనికరాళ్ళ పెట్టె కూడా కొనండి, మీరు వేసే మందు బరువుకు దగ్గరగా ఉన్న రాయితో సరిచూడండి. 5 గ్రెయిన్లు తూచేవాడు 300 గ్రెయిన్ల రాయితో సరిచూసుకుంటే ఒరిగేదేమీ లేదు. మందు పాత్ర బరువు కొలవదు, పరిమాణం కొలుస్తుంది. గుండ్రటి రేణువుల మందు అందులో ఒకే తీరుగా పడుతుంది, సన్నని పుల్లల్లాంటి మందు ఇరుక్కుని తేడాగా పడుతుంది. ప్రతి పదో కొలతనైనా కాటాకెక్కించాలి.

ఎంత మందు అన్న ప్రశ్నకు ఈ ఉత్తరంలో కావాలనే అంకె ఇవ్వడం లేదు. లైమన్, హార్నడీ, సియెర్రా లాంటి మాన్యువల్స్ కనీసం రెండు కొని, బుల్లెట్ బరువు, రకం, ప్రైమర్, మందు పేరు అన్నీ కలిసిన పట్టిక చూసి, అందులోని ఆరంభ కొలతతోనే మొదలుపెట్టాలి. వాట్సాప్‌లో ఎవరో చెప్పిన అంకె పనికిరాదు. హెచ్ 4831, ఐఎంఆర్ 4831 అని రెండు మందులున్నాయి. అంకె ఒకటే, మండే వేగం వేరు. ఒకదాని కొలత రెండోదానికి వేయకూడదు. అందుకే బల్లమీద ఎప్పుడూ ఒకే డబ్బా ఉండాలి. పని అయ్యాక పాత్రలో మిగిలింది అదే డబ్బాలోకి వెళ్ళాలి.

డైల విషయంలో పిస్టల్‌కూ రైఫిల్‌కూ తేడా ఉంది. నిటారు గోడల పిస్టల్ కేసులకు మూడు డైల సెట్టు: సైజు చేసేది, మూతి వెడల్పు చేసేది, బుల్లెట్ దించేది. సైజు డైలో కార్బైడ్ ఉంగరం ఉన్నది కొంటే కేసుకు నూనె రాయనక్కర్లేదు. సీసా మెడ ఆకారంలో ఉండే రైఫిల్ కేసులకు రెండు డైల సెట్టు, నూనె తప్పనిసరి. కార్బైడ్ డై అయినా తప్పదు. రాయడం మరిస్తే కేసు డైలో ఇరుక్కుంటుంది. పిడి బలంగా లాగితే అంచు తెగి కేసు లోపలే ఉండిపోతుంది. అది తీయడానికి వేరే పనిముట్టు. ఎక్కువ రాస్తే భుజం మీద సొట్టలు పడతాయి. 9 ఎంఎం, .45 ఏసీపీ కేసులు మూతి అంచు ఆనుకునే తుపాకి గదిలో (తూటా కూర్చునే చోట) నిలబడతాయి. కాబట్టి వాటికి మూతి మడిచే రోల్ క్రింప్ వేయకూడదు, మూతిని మడవకుండా కాస్త నొక్కే టేపర్ క్రింప్ డై కావాలి. బుల్లెట్‌ను పుస్తకం చెప్పినదానికన్నా లోతుకు దించితే, ముఖ్యంగా 9 ఎంఎంలో, ఒత్తిడి ఒక్కసారిగా పెరుగుతుంది.

ఇదంతా చూసేది కాలిపర్. అంగుళంలో వెయ్యో వంతు చూపే ఆరంగుళాల కాలిపర్ చాలు. రైఫిల్ కేసు కాల్చినకొద్దీ సాగుతుంది. .223కి పొడవు 1.760 అంగుళాలు దాటకూడదు, దాటితే 1.750కి కోయాలి. .308కి అవే 2.015, 2.005. కోయకుండా వదిలితే మూతి గదిలో నొక్కుకుపోయి బుల్లెట్‌ను వదలదు. కేసు అడుగుకు కాస్త పైన మెరిసే గీత కనబడితే, వంచిన పేపర్ క్లిప్పు కొసతో లోపల తడిమి చూడండి. గాడి తగిలితే ఆ కేసు తుక్కులోకే. డైని అవసరానికి మించి కిందకి బిగించి ప్రతిసారీ భుజం వెనక్కి నెట్టేవాళ్ళకు ఈ గీత త్వరగా వస్తుంది.

ప్రైమర్లు పిస్టల్, రైఫిల్ రెండింటికీ చిన్నవీ పెద్దవీ ఉంటాయి. చిన్నది 0.175 అంగుళం, పెద్దది 0.210. .45 ఏసీపీ కేసులు రెండు కొలతల్లోనూ వస్తాయి, రేంజిలో ఏరుకున్నవి ముందే వేరుచేసుకోవాలి. మిలిటరీ కేసుల్లో ప్రైమర్ చుట్టూ నొక్కిన అంచు తీసేయకపోతే కొత్తది నలుగుతుంది. లోపల ఒకటికి బదులు రెండు చిల్లులుంటే అది బెర్డాన్ కేసు, డైలోని సూది విరుగుతుంది. దించిన ప్రైమర్ అడుగుకన్నా చిటికెడు లోపలికి ఉండాలి. వేలితో తడిమితే తెలుస్తుంది.

అన్నిటికన్నా చవకైన వస్తువు టార్చిలైటు. .38 స్పెషల్ లాంటి పెద్ద కేసులో త్వరగా మండే మందు కొద్దిగానే పడుతుంది. పొరపాటున రెండుసార్లు పోసినా పొంగదు, బుల్లెట్ మామూలుగానే దిగుతుంది. అసలు పోయకపోతే ప్రైమర్ బలానికి బుల్లెట్ గొట్టంలో సగం దాకా వెళ్ళి ఆగుతుంది. తర్వాతి తూటా దాని వెనక పేలితే తుపాకి చీలుతుంది. పలకలోని యాభై కేసుల మూతుల్లోకీ లైటు వేసి, మందు మట్టం చూశాకే బుల్లెట్ పెట్టాలి. కాల్చేటప్పుడు చప్పుడు తేడాగా వస్తే ఆగి గొట్టం చూడాలి.

ఇంట్లో పిల్లలున్నవాళ్ళకు ఇంకొకటి. ప్రైమర్ మసిలో సీసం ఉంటుంది. మొక్కజొన్న కండె పొడితో తిరిగే టంబ్లర్ ఆ ధూళిని గాల్లో కలుపుతుంది. దాన్ని వంటింటికీ పడగ్గదికీ దూరంగా, గ్యారేజీలో తలుపు తీసి తిప్పాలి, తర్వాత సబ్బుతో చేతులు కడగాలి. పొగరాని మందు 20 పౌండ్ల దాకా అసలు డబ్బాల్లోనే ఇంట్లో ఉంచుకోవచ్చని, ప్రైమర్లు 10,000 మించకూడదని అమెరికా అగ్నిమాపక ప్రమాణాలు చెబుతున్నాయి. స్థానికంగా ఇంకా తక్కువ ఉండవచ్చు. ఇనప బీరువాలో దాచడం క్షేమమనుకోకండి. మంట అంటుకుంటే గట్టిగా మూసిన పెట్టే ఒత్తిడి పెంచుతుంది.

ఆ వ్యాసానికి సవరణ వేసే పక్షంలో ప్రెస్‌ల పోలిక మళ్ళీ వేయకపోయినా ఫరవాలేదు. వీసా సంగతి మాత్రం అదే పేజీలో, పెట్టె కట్టి వేయమని మనవి.

ఇట్లు,
ఒక ప్రవాస పాఠకుడు,
టెక్సస్