స్ట్రాస్‌బూర్ వెళ్లొచ్చాక అమ్మకి

కార్ల్స్‌రూహె, జర్మనీ,
ఆదివారం సాయంత్రం

అమ్మా,

నిన్న ఫోన్ ఎత్తలేదని కంగారు పడ్డావు కదా, ముందు ఆ సంగతి చెప్తాను. బాగానే ఉన్నాను. మేం నలుగురం కలిసి స్ట్రాస్‌బూర్ వెళ్లాం, రాత్రి వచ్చేసరికి ఇక్కడ తొమ్మిది దాటింది, మీకు అర్ధరాత్రి దాటిపోయింది. అందుకే చెయ్యలేదు. ఫ్రాన్స్ అనగానే విమానమెక్కి పోయాననుకోకు. మన ఊరి నుంచి ఏలూరు వెళ్లి, ఇంకాస్త ముందుకి వెళ్లినంత దూరం, అంతే. ఇదంతా ఫోన్లోనే చెప్పొచ్చు కానీ నానమ్మ నా మాట వినపడటం లేదంటుంది. నువ్వు చదివితే వింటుందని రాస్తున్నాను.

ఖర్చు గురించి నాన్న అడుగుతాడు. స్టూడెంట్లకి నెల పాసుంది, కేల్ అనే ఊరి దాకా రైలు దాని మీదే. అక్కణ్ణుంచి ట్రాము టికెట్టు, చర్చిలో గడియారం చూడ్డానికి టికెట్టు, ఒక కాఫీ, రెండు పోస్టుకార్డులు. ఇంకేం కొనలేదు. నిమ్మకాయ పులిహోర ఇంటి దగ్గరే కలిపి డబ్బాల్లో పెట్టుకెళ్లాం.

చదువు సరిగ్గానే సాగుతోంది. ఫిబ్రవరిలో పరీక్షలు. పని వారానికి రెండు రోజులే, చదువుకి అడ్డం రావడం లేదు.

నీ మోకాలు ఎలా ఉంది? మెట్లెక్కి కొండకి వెళ్లొద్దు, బస్సులోనే వెళ్లు. అమ్మవారేమీ అనుకోదు.

కేల్ జర్మనీలో చివరి ఊరు. ఫ్రాన్స్ వాళ్లు సంచులు పట్టుకుని అక్కడికొచ్చి సబ్బులూ సిగరెట్లూ కొనుక్కుపోతారు, ఇటువైపు చవకని. స్టేషన్ బయట ట్రాము ఎక్కామా, కాసేపటికే రైన్ నది మీద ఉన్నాం. ఈ ట్రాము 2017లో వేశారు. నది మధ్యలోకి వచ్చేసరికి దేశం మారిపోయింది. గేటు లేదు, ఎవరూ ఆపలేదు. ఫోన్‌కి మాత్రం ఫ్రాన్స్‌కి స్వాగతం అని మెసేజ్ వచ్చింది. నాకు వెంటనే మన బ్యారేజీ గుర్తొచ్చింది. చిన్నప్పుడు బాబాయి స్కూటర్ మీద నన్ను ముందు నిలబెట్టుకుని సీతానగరం వైపు తీసుకెళ్తూ, సగం దూరం రాగానే "బుజ్జీ, ఇక్కడితో మన జిల్లా అయిపోయింది, ఇక గుంటూరు జిల్లా" అనేవాడు. గీత ఎక్కడుందా అని నేను వంగి మరీ చూసేదాన్ని. నిన్న ట్రాములో కూడా అలాగే కిటికీలోంచి కిందికి చూశాను. నీళ్లే.

స్ట్రాస్‌బూర్‌ది విచిత్రమైన చరిత్ర. 1871లో జర్మనీ తీసుకుంది, 1918లో ఫ్రాన్స్‌కి వచ్చింది, 1940లో మళ్లీ జర్మనీ పట్టుకుంది, 1944 నవంబరులో మళ్లీ ఫ్రాన్స్. గడప దాటకుండా ఇంట్లోనే కూర్చున్న ముసలావిడకి కూడా నాలుగుసార్లు దేశం మారిపోయింది.

ఇప్పుడు నానమ్మ కోసం గడియారం సంగతి. పెద్ద చర్చి ఉంది, ఎర్రరాయితో కట్టింది, 142 మీటర్ల ఎత్తు. రెండు వందల ఏళ్లకి పైగా ప్రపంచంలో అంతకన్నా ఎత్తయిన కట్టడం లేదట. రెండు శిఖరాలు కట్టాల్సింది ఒకటే కట్టారు, రెండోవైపు ఖాళీగా చదునుగా ఉండిపోయింది. లోపల ఇల్లంత గడియారం. మధ్యాహ్నం పన్నెండున్నరకి అందులోంచి ఏసుప్రభువు శిష్యులు ఒక్కొక్కరే వచ్చి ఆయన ముందునుంచి వెళ్తారు. పైన కోడిపుంజు రెక్కలు కొట్టుకుంటూ మూడుసార్లు కూస్తుంది. బొంగురు గొంతు నానమ్మా, నిజం కోడిలాగే. ఇంకో అరలో చిన్నపిల్లాడు, కుర్రాడు, నడివయసు మనిషి, ముసలాయన వరసగా మృత్యువు ముందునుంచి నడుస్తారు, పావుగంటకొకరు చొప్పున. అందరూ కోడిని చూస్తుంటే నేను ఆ ముసలాయన్నే చూస్తూ ఉండిపోయాను. ఇంకో సంగతి, ఆ గడియారం బయటి టైము కన్నా అరగంట వెనక ఉంటుంది. ఆ ఊరి సూర్యుడి లెక్క ప్రకారం పెట్టారు, అందుకని. నా టేబుల్ మీద మన టైము పెట్టుకున్న గడియారం చూసి మా రూమ్మేట్ ఎందుకని అడుగుతుంది. ఇక తనకి చెప్పక్కర్లేదు.

చర్చిలో ఒక కొవ్వొత్తి వెలిగించాను. కార్తీకం కదా, కృష్ణలో దీపం వదల్లేకపోయాను. నానమ్మ కన్ను ఆపరేషన్ బాగా జరగాలని అనుకున్నాను. ఏ దేవుడైతేనేం, దీపం దీపమే అని తనే అంటుందిగా.

ఇక్కణ్ణుంచి కాసేపు నానమ్మకి చదవకమ్మా. నువ్వు చదువుకో.

నాతో వచ్చిన పటమట వాళ్లమ్మాయి వాళ్లమ్మకి చెప్పే ఉంటుంది, ఆవిడ నీకు గుళ్లో కనపడి చెప్పేలోపు నేనే చెప్తున్నాను. తిరిగొచ్చేటప్పుడు కేల్‌లో ట్రాములోకి ఇద్దరు పోలీసులు ఎక్కారు. 2024 సెప్టెంబరు నుంచి జర్మనీ ఈ బోర్డర్లో కూడా చెకింగ్ పెట్టింది. నా దగ్గర పాస్‌పోర్టు ఉంది కానీ ఇక్కడ ఉండటానికిచ్చిన కార్డు లేదు, వేరే కోటు జేబులో ఉండిపోయింది. పాస్‌పోర్టులో వీసా తేదీ ఎప్పుడో అయిపోయింది, ఆ తర్వాతే కదా కార్డు ఇచ్చారు. నన్ను కిందికి దిగమన్నారు. ముగ్గురూ నాతోపాటే దిగిపోయారు, ఒక్కదాన్నీ వదల్లేదు. ఫోన్లో కార్డు ఫోటో చూపించాను, వాళ్లు వైర్‌లెస్‌లో పేరు అడిగి చూసుకున్నారు. ఇరవై నిమిషాలు పట్టింది. ఆయన మర్యాదగానే మాట్లాడాడు, ఇకమీదట కార్డు దగ్గరే పెట్టుకో అన్నాడు. చేతులు వణికిన మాట నిజమే. కానీ తప్పేమీ చెయ్యలేదమ్మా, మర్చిపోయానంతే. "ఒంటరిగా పంపించాం" అని మొదలుపెట్టొద్దు. కార్డు ఇప్పుడు పర్సులో కుంకుమ పొట్లం పక్కనే ఉంది.

ఇది కూడా నానమ్మకి వద్దు. నాన్నకి చదువు.

నాన్నా, ఆ ఊళ్లో గుటెన్‌బర్గ్ విగ్రహం ఉంది, యూరప్‌లో అచ్చక్షరాలతో ముద్రణ మొదలుపెట్టినాయన. తాతయ్య అచ్చాఫీసులో అక్షరాల కేసుల పైన గోడకి గడ్డమాయన బొమ్మ ఉండేది చూడు, ఆయనే. మైంజ్‌లో బైబిల్ అచ్చు వెయ్యక ముందు పదేళ్లదాకా ఈ ఊళ్లో ఉన్నాడు. విగ్రహం చేతిలో ఒక కాయితం, దాని మీద ఫ్రెంచిలో "వెలుగు కలిగెను" అని ఉంది. కంచు పచ్చబడిపోయింది. తడి ప్రూఫు పట్టుకున్నట్టు రెండు చేతులతో పట్టుకున్నాడు, తాతయ్య పట్టుకునేవాడే అలాగ. 1439లో ఇదే ఊళ్లో ఆయన మీద కోర్టు కేసు పడింది. కలిసి పెట్టుబడి పెట్టిన భాగస్వామి పోతే, ఆ పోయినాయన అన్నదమ్ములు మమ్మల్ని వాటాలోకి తీసుకో, లేదా డబ్బివ్వు అని కోర్టుకెక్కారు. అది చదవగానే మన ఇల్లు గుర్తొచ్చింది. నువ్వు కోప్పడినా ఫర్వాలేదు.

తాతయ్య ట్రెడిల్ అచ్చు మిషన్ ఇనపసామాను వాడికి ఇవ్వకుండా ఎన్నాళ్లు పెట్టుకుంటాం, తుప్పు పడుతోంది, గది అద్దెకివ్వాలి. నువ్వన్నదాంట్లో తప్పు లేదు. కానీ ఇచ్చేసేముందు బాబాయికి ఒక్క మాట చెప్పలేదు. డబ్బు కోసం అలిగాడని నువ్వంటావు, నేను నమ్మను. కంపోజింగ్ నేర్చుకుంది తనే కదా, పదేళ్ల వయసులో తాతయ్య పక్కన స్టూలేసుకుని. ఆ రోజు అక్షరాలు పేర్చే చేతి స్టిక్కు ఒక్కటి రుమాల్లో చుట్టుకుని మంగళగిరి వెళ్లిపోయాడు. మూడేళ్లయింది.

అక్కణ్ణుంచి నడుస్తూ రిపబ్లిక్ చౌక్ అనే చోటుకి వెళ్లాం. చుట్టూ గింకో చెట్లు, ఆకులన్నీ పసుపు రంగులో రాలి ఉన్నాయి. మధ్యలో మొదటి ప్రపంచయుద్ధంలో చచ్చిపోయిన వాళ్ల కోసం 1936లో పెట్టిన రాతి విగ్రహం. ఒక తల్లి, ఆవిడ దగ్గర చచ్చిపోతున్న ఇద్దరు కొడుకులు. ఒకడు జర్మనీ తరఫున, ఒకడు ఫ్రాన్స్ తరఫున పోరాడి పోయారని చెప్తారు. ఎవరు ఎటో తెలియకూడదని ఇద్దరికీ యూనిఫాం లేదు. కింద "మా మృతులకు" అని ఉంది, ఏ దేశం పేరూ లేదు. వాన వెలిసింది అప్పుడే. కొడుకుల చేతులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి, వేళ్ల సందుల్లో నీళ్లు నిలిచాయి. తల్లి మాత్రం ఇద్దరిలో ఎవర్నీ చూడటం లేదు. ఎటో చూస్తోంది. మన ఇంట్లో సంక్రాంతికి బాబాయి రానప్పుడు నానమ్మ వరండాలో కూర్చుని అలాగే చూసింది. నాకు ఏడుపొచ్చింది. మిగతావాళ్లు నా కంట్లో ఏదో పడిందనుకున్నారు, నేనూ అవునన్నాను.

నానమ్మ ఎవర్నీ ఏమీ అడగదు నాన్నా. నీ దగ్గర ఉంటే చిన్నాడు తిన్నాడో లేదో అంటుంది. మంగళగిరి వెళ్లిన రెండ్రోజులూ పెద్దాడికి బీపీ మాత్ర ఎవరిస్తారో అందట, పిన్ని చెప్పింది.

ఇక్కణ్ణుంచి మళ్లీ నానమ్మకి చదవొచ్చు.

ఆ ఊరి మధ్యలో కాలవలున్నాయి, ఒడ్డునే పాత చెక్క ఇళ్లు. పూర్వం తోళ్లు పదును చేసేవాళ్లు ఉండేవారట, ఇప్పుడన్నీ పూలకుండీలే. అక్కడ బెంచీ మీద కూర్చుని పులిహోర తిన్నాం. నరసరావుపేట అబ్బాయి వాళ్లింటి నుంచి వచ్చిన గోంగూర పచ్చడి సీసా తీశాడు, వాసనకి పక్కబెంచీ ముసలావిడ తిరిగి చూసింది. కొంచెం రొట్టె మీద పెట్టి ఇచ్చాం. కళ్లల్లో నీళ్లొచ్చాయి, అయినా ఇంకొంచెం అడిగింది! నానమ్మ ఉంటే ఆవిడతో స్నేహం చేసేసేది.

నాకు కారప్పొడి అయిపోయింది. ఎవరైనా వస్తుంటే పంపించు, కందిపొడి కూడా. చలికోటు కొన్నాను, గొంతు నొప్పి తగ్గింది, రాత్రి పూట ఒంటరిగా తిరగడం లేదు. అడుగుతావని ముందే రాశాను.

కార్తీకం అయ్యేలోపు నానమ్మని ఘాటుకి తీసుకెళ్లండి. ఆటోలో కాదు, నాన్ననే కారు తియ్యమను. బ్యారేజీ దాకా వచ్చాక మంగళగిరి ఎంత దూరమని.

గుటెన్‌బర్గ్ విగ్రహం ఉన్న పోస్టుకార్డులు రెండు ఈ కవర్లోనే పెట్టాను. ఒకటి నాన్నకి. రెండోది బాబాయికి, దాని మీద ఏమీ రాయలేదు. పోస్టులో వెయ్యొద్దు, నాన్న చేత్తోనే ఇప్పించమ్మా.

నీ
బుజ్జి