కంట్రోల్ రూము గడప తొక్కని డిగ్రీ: విపత్తుల నిర్వహణ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారాలు. విపత్తు నిర్వహణలో పీజీ చదువుతున్నవాళ్లం, చదివేసి ఖాళీగా ఉన్నవాళ్లం కలిసి రాస్తున్న లేఖ ఇది. కంట్రోల్ రూముల్లో ఇంటర్న్‌షిప్, ఉద్యోగాల్లో మా డిగ్రీకి గుర్తింపు కావాలని ఇదివరకే అర్జీలిచ్చాం. వాటి నకళ్లు తమ పేషీలో ఉండే ఉంటాయి. ఒక శాఖ ఇది చదువుల వ్యవహారం అంటుంది, ఇంకో శాఖ ఇది విపత్తుల వ్యవహారం అంటుంది. విపత్తుల చదువు ఎవరి వ్యవహారమో తేలకముందే బ్యాచ్‌లకు బ్యాచ్‌లు బయటికొచ్చేస్తున్నాయి. ఫోన్లకు మాత్రం 'మీ అర్జీ పరిష్కరించబడినది' అని మెసేజ్ వచ్చింది. ఏది పరిష్కారమైందో కూడా చెబితే సంతోషిస్తాం.

2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం గురించి తమకు చెప్పే సాహసం చేయం. అసలు సంగతికే వస్తాం, ఇంటర్న్‌షిప్.

ప్రాస్పెక్టస్‌లో 'జిల్లా ఎమర్జెన్సీ ఆపరేషన్ సెంటర్‌లో (అంటే కంట్రోల్ రూములో) ఎనిమిది వారాల ఇంటర్న్‌షిప్' అని అచ్చేసి ఫీజు కట్టించుకుంటారు. మూడో సెమిస్టర్‌లో జరిగేది వేరు. డిపార్ట్‌మెంట్ హెడ్ ఒక లెటర్ ఇస్తారు. దాన్ని పట్టుకెళ్లి కలెక్టరేట్ ఇన్‌వార్డులో ఇస్తే ముద్ర వేసి సెక్షన్‌కి పంపుతారు. సెక్షన్‌లో 'పైనుంచి ఆదేశాలు లేవు బాబూ' అంటారు. ఆ మాటలో తప్పు లేదు, నిజంగానే లేవు. విద్యార్థి ఎవరి కింద పనిచేయాలో, ఏ ఫైలు చూడొచ్చో, ఏది చూడకూడదో చెప్పే కాగితం ఒక్కటీ లేనప్పుడు ఏ అధికారి మాత్రం ఎందుకు తలకెత్తుకుంటారు? తుపాను ఉన్నప్పుడు వెళ్తే 'ఇప్పుడు తీరిక లేదు', లేనప్పుడు వెళ్తే 'ఇప్పుడు పనేముంది'. చివరికి ఎవరో తెలిసిన సంస్థ దగ్గర సర్టిఫికెట్ రాయించుకుని, నెట్‌లోంచి దించిన రిపోర్టుకు స్పైరల్ బైండింగ్ చేయించి మార్కులు తెచ్చుకుంటారు. మార్కులు బాగానే వస్తాయి, అదొక్కటే ఊరట.

'పనేముంది' అన్న మాటకు జవాబు చెబుతాం. పని బోలెడుంది, అదీ తుపాను లేనప్పుడే.

ఆ 2005 చట్టం సెక్షన్ 31 ప్రకారం జిల్లా విపత్తు నిర్వహణ ప్రణాళికను ఏటా సమీక్షించి సరిచేయాలి. సరిచేయడమంటే ముఖచిత్రం మీద సంవత్సరం మార్చడం కాదని తమకు తెలుసు. 2022 ఏప్రిల్ 4న మన ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి. మండలాలు ఒక జిల్లాలోంచి ఇంకో జిల్లాలోకి వెళ్లాయి, డివిజన్లు మారాయి, కంట్రోల్ రూములు మారాయి. ఉమ్మడి జిల్లా ప్లానును ముక్కలు చేసి అతికిస్తే అందులో ఎవరి ఫోను ఎవరికి పోతుందో తుపాను రాత్రి గానీ బయటపడదు. జాబితాలోని ప్రతి నంబరుకూ ఒకసారి ఫోన్ చేసి, ఎత్తిన మనిషి పేరూ హోదా రాసుకోవడానికి పీహెచ్‌డీ అక్కర్లేదు. ఇద్దరు విద్యార్థులు, ఒక ఫోను ఉంటే రెండు వారాల్లో అయిపోతుంది.

పునరావాస కేంద్రాల జాబితా సంగతి చూడండి. ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల, ఆరు గదులు, 'సామర్థ్యం: 500' అని రాసి ఉందనుకుందాం. గది తొమ్మిది మీటర్ల పొడవు, ఆరు మీటర్ల వెడల్పు. అంటే 54 చదరపు మీటర్లు, ఆరు గదులకు 324. సహాయ శిబిరాల కనీస ప్రమాణాల్లో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ (ఎన్డీఎంఏ) చెప్పింది మనిషికి 3.5 చదరపు మీటర్లు. భాగిస్తే 92 మంది. బల్లలు బయట పెట్టిస్తేనే సుమా. ముప్పై మందికో మరుగుదొడ్డి లెక్కన 500 మందికి పదిహేడు కావాలి, 92 మందికే నాలుగు కావాలి. మనిషికి రోజుకు మూడు లీటర్ల తాగునీరు లెక్కన 500 మందికి 1,500 లీటర్లు. ఆ బడిలో ట్యాంకు ఎంతది, మోటారు కరెంటు పోతే ఎలా? తుపాను దాటేదాకా ఒక్క రాత్రి ఇరుక్కుని కూర్చోవడం వేరు, వరద తీసేదాకా వారం ఉండటం వేరు. ఈ రెంటికీ రెండు సంఖ్యలుండాలి, ప్లానులో ఒక్కటే ఉంటుంది. ఇక తాళం ఎవరి దగ్గరుంటుంది, జనరేటర్ బ్యాటరీ బతికే ఉందా, కుర్చీ బండికి ర్యాంపు ఉందా, ఆ బడికి వెళ్లే దారిలో కల్వర్టు ముందే మునుగుతుందా అన్నవి టేపు పట్టుకుని వెళ్లి చూస్తే తప్ప తేలవు.

మ్యాపుల సంగతి ఇంకో తమాషా. సచివాలయాల నుంచి ఎక్సెల్‌లో వచ్చిన అక్షాంశ రేఖాంశాలను ఎవరూ తెరిచి చూడకపోతే ఏమవుతుందో చెబుతాం. 16 డిగ్రీల 30 నిమిషాలను 16.30 అని టైపు చేస్తే (అది 16.5 కావాలి) కేంద్రం సుమారు 22 కిలోమీటర్లు పక్కకు జరుగుతుంది. డెల్టాలో అంత దూరమంటే వేరే మండలం, ఒక్కోసారి సముద్రం. అక్షాంశం 16, రేఖాంశం 81 అనేవి తారుమారు చేసి రాస్తే పునరావాస కేంద్రం ఆర్కిటిక్ సముద్రంలో తేలుతుంది. మ్యాపుల సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ ఉచితం, భువన్ మ్యాపుల వెబ్‌సైటు మన హైదరాబాద్‌లోని ఇస్రో కేంద్రం ఎన్‌ఆర్‌ఎస్‌సీదే. ఈ తప్పులు పట్టడానికి సాధారణ కంప్యూటర్ చాలు. మా ల్యాబుల్లో కంప్యూటర్లు లేవా అంటే ఉన్నాయి, తాళం కూడా ఉంది.

ఉప్పెన ముంపు మ్యాపులంటారా, అంతరిక్షం నుంచి రాడార్‌తో కొలిచి, 30 మీటర్లకో ఎత్తు చొప్పున ఉచితంగా ఇచ్చే ఎస్‌ఆర్‌టీఎం డేటా మీద గీస్తారు. కృష్ణా, గోదావరి డెల్టాల తీరంలో నేల సముద్ర మట్టానికి కొద్ది మీటర్లే పైన ఉంటుంది, ఆ డేటాలో తప్పే కొన్ని మీటర్లు ఉంటుంది. పైగా కొబ్బరి తోట ఉన్నచోట చెట్ల తలలను కూడా నేల కింద లెక్కేస్తుంది. కాబట్టి అది 'మునగదు' అన్న ఊరు మునుగుతుంది. 1977 దివిసీమను పాఠంగా చదివించే కోర్సులో ఈ ఒక్క పరిమితి గట్టిగా చెప్పరు. పరీక్షలో మాత్రం 'విపత్తు చక్రాన్ని పటం సహాయంతో వివరించండి' తప్పకుండా వస్తుంది.

రసాయన ప్రమాదాలదీ అదే తీరు. 2020 మే 7న విశాఖలో స్టైరీన్ లీకైన రాష్ట్రం ఇది. అలోహా సాఫ్ట్‌వేర్ డబ్బు పెట్టి కొనక్కర్లేదు. రసాయనం పేరు, గాలి వేగం, దిశ, ఉష్ణోగ్రత, మబ్బు, నేల తీరు, కన్నం సైజు ఇస్తే విష వాయువు ఎంత దూరం పోతుందో గీసి చూపిస్తుంది. అందులో కొత్తవాళ్లు చేసే తప్పు గాలి దిశ దగ్గర. అది అడిగేది గాలి ఎటునుంచి వస్తోందని. ఎటు పోతోందో రాస్తే గీత సరిగ్గా ఎదురు వైపు పడుతుంది, ఖాళీ చేయించాల్సిన ఊరు వదిలేసి పక్క ఊరిని లేపుతారు. ఈ తప్పు తరగతి గదిలో చేస్తే నవ్వుకుని దిద్దుకోవచ్చు. దిద్దుకునే వీలు లేని చోట మొదటిసారి చేయించకండి.

1989 నాటి ప్రమాదకర రసాయనాల నిబంధనల ప్రకారం కర్మాగారం లోపలి అత్యవసర ప్లానుకు ఆరు నెలలకోసారి, బయటి ఊళ్ల ప్లానుకు ఏటా ఒకసారి మాక్ డ్రిల్ జరగాలి. ఆ డ్రిల్స్‌కు మమ్మల్ని పిలవరని అబద్ధం చెప్పం. పిలుస్తారు. స్ట్రెచర్ మీద గాయపడినవాళ్లుగా పడుకోవడానికి! ఎర్ర రంగు పూసుకుని పడుకుంటాం, సైరన్ మోగుతుంది, ఫోటో దిగుతారు, టీ ఇస్తారు. డ్రిల్ మధ్యలో 'ఇప్పుడు గాలి మారింది', 'ఇప్పుడు సెల్ టవర్ పోయింది' అంటూ చిక్కులు వేసేవాళ్లుండరు, అయ్యాక ఎక్కడ ఆలస్యమైందో కూర్చుని మాట్లాడుకోవడమూ ఉండదు. ఆ చిక్కుల స్క్రిప్టు రాయడం, గడియారం పట్టుకుని ఒక్కో చర్యకు పట్టిన సమయం నమోదు చేయడం విద్యార్థులు చేయగలిగిన పని. దయచేసి పడుకోబెట్టడం ఆపి నిలబెట్టండి.

విపత్తు వేళ ఎవరు ఏ పని చేయాలో చెప్పే ఇన్సిడెంట్ రెస్పాన్స్ సిస్టమ్ మార్గదర్శకాల్లో (2010 జులైలో వచ్చాయి) 001 నుంచి 010 దాకా ఫారాలున్నాయి. మేం వాటి పేర్లు వరసగా అప్పజెప్పగలం, నింపినవాళ్లు మాలో ఎవరూ లేరు. 2024 సెప్టెంబరు బుడమేరు ముంపులాంటి సమయంలో అగ్నిమాపక శాఖ పడవలు కొన్ని, జాతీయ విపత్తు స్పందన దళం (ఎన్డీఆర్ఎఫ్) వి కొన్ని, మత్స్యకారులవి కొన్ని వస్తాయి. వచ్చిన ప్రతి పడవా 006 చెక్ ఇన్ ఫారంలోకి ఎక్కకపోతే ఒకే పడవను రెండు శాఖలు తమ లెక్కలో చూపుతాయి, ఒక వీధికి నాలుగు వెళ్తాయి, పక్క వీధికి ఒక్కటీ వెళ్లదు. ఆ ఫారం ముందు పెన్ను పట్టుకుని కూర్చోవడానికి మనిషి కావాలి. ఆ మనిషి పని మేం చేస్తామంటున్నాం, జీతం కూడా తర్వాత మాట్లాడుకుందాం.

జీతం మాట వచ్చింది కాబట్టి ఒక్క ముక్క. గ్రూప్స్ సిలబస్‌లో విపత్తు నిర్వహణ ఒక అంశం. అది చదివి ఎవరైనా ఆఫీసరు కావచ్చు. అదే సబ్జెక్టులో డిగ్రీ తెచ్చుకున్నవాడికి మాత్రం నోటిఫికేషన్‌లోని అర్హతల గడిలో పేరుండదు. ఒక విశ్వవిద్యాలయం దీన్ని ఎంఏ అంటుంది, ఇంకోటి ఎంఎస్సీ, మరోటి ఎంబీఏ. కౌంటరు దగ్గర 'సంబంధిత సబ్జెక్టు కాదు' అనేస్తారు. విపత్తుల శాఖ ఉద్యోగానికి విపత్తుల డిగ్రీ సంబంధం లేకపోతే ఇంక దేనికుంటుందండీ? సెక్షన్ 29లో జిల్లా సంస్థకు అవసరమైన అధికారులు, సలహాదారులు, ఉద్యోగులను రాష్ట్ర ప్రభుత్వం ఇవ్వాలని ఉంది. ఎంతమంది అవసరమో తేల్చేదీ ప్రభుత్వమే కాబట్టి ఆ లెక్క ఎప్పుడూ తక్కువే వస్తుంది. 2025 సవరణతో నగరపాలక సంస్థలున్న ఊళ్లకు అర్బన్ విపత్తు నిర్వహణ సంస్థలు పెట్టే వీలొచ్చింది. అక్కడ కూడా ఉన్న ఉద్యోగులకే అదనపు బాధ్యత అప్పగించి ముగిస్తారేమోనని మా భయం.

నిధులు లేవన్న జవాబు మాకు బాగా అలవాటే. 15వ ఆర్థిక సంఘం 2021-26కి ఇచ్చిన విపత్తు నిధుల పంపకంలో పది శాతం సన్నద్ధత, సామర్థ్యం పెంపు కిందే కేటాయించారు. ఇంటర్న్‌కి ఇచ్చే భత్యం సామర్థ్యం పెంపు కాదా? ఇక శిక్షకులు లేరనడానికి వీల్లేదు. విపత్తు నిర్వహణలో శిక్షణ ఇచ్చే జాతీయ సంస్థ ఎన్‌ఐడీఎం దక్షిణ ప్రాంగణమూ, ఎన్డీఆర్ఎఫ్ పదో బెటాలియనూ మన కొండపావులూరులోనే పక్కపక్కన ఉన్నాయి.

అడిగేది పెద్దదేం కాదు. జిల్లా కంట్రోల్ రూములన్నీ సెమిస్టర్‌కి కనీసం నలుగురు విద్యార్థులను తీసుకోవాలని ఒక్క మెమో. అందులో ఎవరి కింద పనిచేయాలో హోదా రాయండి. ఏ సమాచారం బయట పెట్టకూడదో రాయించి మాతో సంతకం పెట్టించుకోండి, వాట్సాప్‌లో పెడతామన్న అనుమానం కూడా తీరిపోతుంది. మొదటి నాలుగు వారాలు ఫోన్ల జాబితా, పునరావాస కేంద్రాల కొలతలు, తర్వాతి నాలుగు వారాలు కంట్రోల్ రూములో షిఫ్టు. కాంట్రాక్టు పోస్టులకైనా సరే, అర్హతల గడిలో మా డిగ్రీ పేరు ఎంఏ అయినా, ఎంఎస్సీ అయినా, ఎంబీఏ అయినా చెల్లుతుందని ఒక వాక్యం చేర్చండి. ఆ మెమో మాత్రం ముందు ఇవ్వండి, మిగతావి ఆగినా ఆగుతాం.

ఈ లేఖ మీద 'తగు చర్య నిమిత్తం' అని రాసి మళ్లీ కిందికి పంపొద్దని ప్రార్థన. అక్కడ ఏ బల్ల మీద ఆగుతుందో ఇప్పటికే చూసి ఉన్నాం. అక్టోబరు తుపాన్ల లోపు మెమో వస్తే ఈ ఏడు బ్యాచ్‌కైనా అందుతుంది.

ఇట్లు,
తమ విధేయులు,
విపత్తు నిర్వహణ పీజీ విద్యార్థులు, పూర్వ విద్యార్థులు