క్యాసెట్ ప్రోగ్రాముల డిస్కు బదిలీ: అయిదు నెలలుగా ఒక్క వాక్యం కూడా చదవని మీ సేవా విభాగంపై ఫిర్యాదు

గౌరవనీయులైన వినియోగదారుల సేవా విభాగ ప్రధానాధికారి గారికి,

నమస్కారం.

పాత హోమ్ కంప్యూటర్ల క్యాసెట్లలో ఉన్న ప్రోగ్రాములను డిస్కులోకి మార్చేందుకు మీ సంస్థ అమ్ముతున్న బదిలీ సాధనాన్ని నేను ఫిబ్రవరి మొదటి వారంలో కొన్నాను. అది నా పనికి సరిగా నడవలేదు. అయితే నా కోపం ఆ లోపం మీద కాదు. నలభై ఏళ్ల నాటి యంత్రాలతో పనిచేసే వస్తువులో ఏదో ఒక మూల లోపం మిగిలి ఉండటం సహజమే, చెబితే సరిచేస్తారు అనుకున్నాను. చెప్పాను కూడా, ఒకే ఒక్క వాక్యంలో. ఈ అయిదు నెలల్లో ఆ వాక్యాన్ని మీకు పదకొండు సార్లు పంపాను. మీ విభాగంలో ఒక్కరైనా దాన్ని చివరిదాకా చదివినట్టు నాకు వచ్చిన జవాబుల్లో ఎక్కడా ఆనవాలు లేదు.

ఆ వాక్యం ఇది: “బదిలీ అయిన ప్రోగ్రాములో మొదటి భాగం చక్కగా నడుస్తోంది, అది డిస్కు నుంచి రెండో భాగాన్ని పిలిచిన మరుక్షణం కంప్యూటర్ స్తంభించిపోతోంది.”

పన్నెండోసారి పంపుతున్నాను కనుక, ఈసారి చదివేవారికి ఏ సందేహమూ మిగలకుండా కొంత వివరిస్తాను. నాది 32 కిలోబైట్ల మెమరీ ఉన్న బీబీసీ మైక్రో మోడల్ బి. క్యాసెట్‌తో వాడినంత కాలం అందులో బేసిక్ భాషలో రాసిన ప్రోగ్రాము మెమరీలోని 3584వ స్థానం నుంచి మొదలవుతుంది. డిస్కు వ్యవస్థను అమర్చాక ఆ మొదలు 6400కు జరుగుతుంది. నడుమనున్న 2816 బైట్లను డిస్కు వ్యవస్థ తన అవసరాలకు ఉంచుకుంటుంది. క్యాసెట్ కోసం రాసిన పెద్ద ప్రోగ్రాము డిస్కు మీద ఇమడకపోవడానికి మూలం ఇదే. అందుకే దాన్ని ముందు 6400 దగ్గర దించి, తర్వాత కిందికి, 3584 దగ్గరికి జరిపి నడిపిస్తారు. మీ సాధనం చేసేదీ అదే, ఒకే భాగం ఉన్న ప్రోగ్రాముల విషయంలో బాగానే చేస్తుంది. నాది ఆరు భాగాల ప్రోగ్రాము. రెండో భాగం కోసం డిస్కును పిలిచినప్పుడు, డిస్కు వ్యవస్థ తన విషయసూచికను చదివి పెట్టుకునేది సరిగ్గా ఆ 3584 దగ్గరే. పిలిచిన ఫైలు వచ్చి దిగేదీ అక్కడే. రెండూ ఒకదాన్నొకటి తొక్కేస్తాయి, యంత్రం ఆగిపోతుంది. మీ సాధనం అట్ట మీద “పలు భాగాల ప్రోగ్రాములకు కూడా” అని అచ్చువేశారు కాబట్టే నేను దాన్ని కొన్నాను.

ఇక జరిగినది చెబుతాను.

నా మొదటి లేఖకు నాలుగు రోజుల్లో జవాబు వచ్చింది. టేప్ రికార్డర్ శబ్దం పెంచి చూడమన్నారు. శబ్దం చాలకపోతే మొదటి భాగం మాత్రం ఎలా వచ్చిందని అడుగుతూ, ఈ యంత్రం క్యాసెట్ మీది సమాచారాన్ని 256 బైట్ల ముక్కలుగా చదివి ఒక్కో ముక్కనూ సరిచూసుకుంటుందని, తేడా వస్తే తెర మీద చెప్పి టేపును వెనక్కి తిప్పమంటుందని, నా ఆరు భాగాల్లో ఒక్కచోట కూడా అలా అడగలేదని మర్యాదగా రాశాను. దానికి మరో ప్రతినిధి తొమ్మిది రోజుల తర్వాత బదులిస్తూ, రికార్డర్ హెడ్‌ను స్పిరిట్‌తో తుడిచి దాని వాలును సరిచేయమన్నారు. అక్కర లేదని తెలిసినా తుడిచాను, సరిచేశాను, ఫొటోలు తీసి పంపాను. మీ మాట కాదన్నానన్న కారణంతో నా ఫిర్యాదును పక్కన పెట్టకూడదనే అలా చేశాను. ఆ ఫొటోలు అందాయని కూడా ఎవరూ రాయలేదు.

మూడో ప్రతినిధి నా డిస్కు నిండిపోయి ఉంటుందన్నారు. ఆ డిస్కు మీద ఉన్నవి ఏడు ఫైళ్లు, పట్టేవి ముప్ఫై ఒకటి. వంద కిలోబైట్లలో సగం కూడా నిండలేదు. విషయసూచికను అచ్చు తీసి పంపాను. నాలుగో ప్రతినిధి ఫైళ్ల పేర్లు పొడవుగా ఉన్నాయన్నారు. క్యాసెట్ మీద పేరుకు పది అక్షరాల వరకు చెల్లుతాయి, డిస్కు మీద ఏడే. ఆ సంగతి మీ కరపత్రంలోనే ఉంది, నేను మొదటి రోజే పేర్లన్నీ కుదించాను. కుదించిన పేర్లు అప్పటికే పంపిన అచ్చులో కనబడుతూనే ఉన్నాయి. ఆ కాగితాన్ని ఒక్కసారి తిప్పి చూసి ఉంటే ఆ జవాబు రాసే శ్రమ ఆయనకు, చదివే శ్రమ నాకు తప్పేవి.

అయిదో జవాబు రాసినవారు నా యంత్రంలో విండోస్ ఏ సంస్కరణ ఉందని అడిగారు. అది చదివాక నేను చాలాసేపు కుర్చీలోంచి లేవలేకపోయాను. మీ సంస్థ అమ్మేది ఏ యంత్రాల కోసమో మీ తరఫున మాట్లాడేవారికి ఎవరూ చెప్పలేదని, నేను ఇన్నాళ్లూ అలాంటి వారికి నా ప్రోగ్రాము కష్టాలు చెప్పుకుంటూ వచ్చానని అప్పుడు అర్థమైంది.

తర్వాత ఫోన్ చేశాను. నలభై ఏడు నిమిషాలు సంగీతం వినిపించాక ఒకరు పలికారు. నేను సగం చెప్పేసరికి ఇది డ్రైవుల విభాగం చూడాల్సిన పని అని కలిపారు. అక్కడ పలికినవారు తమది బిల్లుల విభాగమని, డ్రైవుల విభాగమంటూ తమ దగ్గర ఏదీ లేదని చెప్పి, మళ్లీ మొదటివారికే కలుపుతానన్నారు. ఫోన్ తెగిపోయింది. మర్నాడు మళ్లీ చేశాను, మళ్లీ మొదటి నుంచి చెప్పాను. పేరు, కొన్న తేదీ, ఫిర్యాదు సంఖ్య, యంత్రం రకం, అన్నీ. ఇలా మొదటి నుంచి చెప్పడం నాకిప్పటికి తొమ్మిదోసారి. ఫిర్యాదు సంఖ్య ఇచ్చేది అందులో ఉన్నది చదువుకోవడానికే కదా? ప్రతిసారీ ఆ అంకెలు అడిగి, రాసుకుని, ఆపైన “సమస్య ఏమిటో చెప్పండి” అంటున్నారు.

ఒక్క పర్యవేక్షకురాలు మాత్రం కొంత తెలిసిన మనిషిలా మాట్లాడారు. ఆమె మీద నాకు గౌరవమే ఉంది, కనీసం నన్ను మాట్లాడనిచ్చారు. ప్రోగ్రామును కిందికి జరపకుండా 6400 దగ్గరే నడపమని ఆమె సలహా ఇచ్చారు. నా ప్రోగ్రాము రంగుల బొమ్మల కోసం మోడ్ 2 అనే తెర అమరికను వాడుతుంది. ఆ మోడ్‌లో తెర ఒక్కటే 20 కిలోబైట్లు తీసుకుంటుంది. 3584 నుంచి మొదలైతే ప్రోగ్రాముకు 8704 బైట్లు మిగులుతాయి, 6400 నుంచి అయితే 5888. నా భాగాల్లో చిన్నదానికే ఏడు వేల పైచిలుకు బైట్లు కావాలి. ఈ లెక్క ఆమెకు చెప్పాను. ఆమె రాసుకుని, సాంకేతిక బృందాన్ని అడిగి రెండు రోజుల్లో తానే ఫోన్ చేస్తానన్నారు. ఆ మాట పట్టుకుని ఎదురుచూశాను. ఆమె దగ్గర్నుంచి మళ్లీ కబురు లేదు. మూడు వారాల తర్వాత వచ్చింది ఒక యాంత్రిక సందేశం: “మీ నుంచి స్పందన రానందున మీ ఫిర్యాదును ముగిస్తున్నాం.” ఆ సందేశం వచ్చిన రోజు ఉదయమే నేను మీకు రెండు ఉత్తరాలు పంపాను.

స్పందన రాలేదని రాశారు. నేను స్పందించలేదని నాకే చెప్పారు. అయిదు నెలల్లో నన్ను అన్నిటికంటే ఎక్కువగా నొప్పించిన మాట ఇదే.

ఫిర్యాదును తిరిగి తెరిపించాక అసలు క్యాసెట్‌ను పరీక్షకు పంపమన్నారు. నకలు పంపుతానంటే ఒప్పుకోలేదు, క్యాసెట్ నుంచి క్యాసెట్‌కు ఎత్తిన నకలుతో ఏదీ తేలదన్నారు. ఆ మాటలో నిజం ఉంది కనుక, మనసు ఒప్పుకోకపోయినా అసలుదే పంపాను. అది మీ కార్యాలయంలో సంతకం చేసి తీసుకున్నట్టు రసీదు నా దగ్గర ఉంది. ఆరు వారాలైంది. ఎక్కడుందని అడిగితే ఒకరు పరీక్షలో ఉందన్నారు, మరొకరు తిరిగి పంపేశామన్నారు, ఇంకొకరు అలాంటిదేదీ తమకు రాలేదన్నారు. ఈ మూడు జవాబులూ ఒకే వారంలో, ఒకే ఫిర్యాదు సంఖ్య మీద వచ్చాయి.

ఆ క్యాసెట్‌లో ఉన్నది దుకాణంలో కొన్న ఆట కాదు. పిల్లలకు లెక్కలు నేర్పేందుకు రెండు వేసవి సెలవులు కూర్చుని నేను రాసిన పాఠాలవి. మెమరీ చాలక ఆరు భాగాలు చేశాను. ఒక భాగంలో పిల్లవాడికి వచ్చిన మార్కులు తర్వాతి భాగానికి అందేలా, ప్రోగ్రాము మారినా చెరగని పూర్ణాంక చలరాశుల్లో దాచాను. ఒక్కో భాగం చివర “తర్వాత వచ్చేదాన్ని ఎక్కించు” అన్న అర్థంలో ఖాళీ పేరుతో చైన్ ఆదేశం ఉండేది. క్యాసెట్ మీద అది చెల్లుతుంది, ఎందుకంటే టేపు మీద తర్వాతిది ఎప్పుడూ ఒకటే ఉంటుంది. డిస్కు మీద ఆ ఖాళీ పేరుకు అర్థం లేదు, ప్రతి భాగాన్నీ పేరుపెట్టి పిలవాలి. ఆ మార్పులన్నీ నేనే చేసుకున్నాను. మీ నుంచి కావలసింది ఒక్క మెట్టే: రెండో భాగాన్ని పిలిచేటప్పుడు దాన్ని ముందు 6400 దగ్గర దించి, దిగడం పూర్తయ్యాక కిందికి జరిపే చిన్న కోడ్. క్యాసెట్ సమాచారం తాత్కాలికంగా నిలిచే మెమరీ భాగమైన క్యాసెట్ బఫర్ డిస్కు వాడుతున్నప్పుడు ఖాళీగా ఉంటుంది, దాన్ని అందులో ఉంచవచ్చు. అప్పటికి మొదటి భాగం పని ముగిసి ఉంటుంది కనుక అది చెరిగినా నష్టం లేదు. ఈ మార్గాన్ని కూడా ఏప్రిల్‌లో మీకు రాసి పంపాను. దానికి వచ్చిన బదులు: “మీ సూచనకు ధన్యవాదాలు. శబ్దం పెంచి చూడండి.”

నేను మీకు కొత్తవాణ్ణి కాను. తొమ్మిదేళ్లుగా కేబుళ్లు, డిస్కులు, డ్రైవు బెల్టులు మీ దగ్గరే కొంటున్నాను. పాత కంప్యూటర్లు దాచుకునే మిత్రులు ఎవరడిగినా మీ పేరే చెప్పాను. నా మాట నమ్మి ఈ సాధనాన్నే కొన్నవారు నాకు తెలిసి నలుగురున్నారు. వారిలో ఇద్దరికి ఇదే చిక్కు వచ్చింది, వారు అడిగేది నన్ను. నేనేం చెప్పాలి? మీ మీద నమ్మకంతో వారికిచ్చిన మాటను ఇప్పుడు నేనొక్కణ్ణే మోస్తున్నాను.

ఈ లేఖ అందిన పదిహేను రోజుల్లో బాధ్యత గల వ్యక్తి ఒకరు, తన పేరుతో, నా ఫిర్యాదును మొదటి నుంచి చివరిదాకా చదివి నాకు జవాబు రాయాలి. అలా జరగకపోతే నా దగ్గరున్న పదకొండు ఉత్తరాలు, మీ జవాబులు, ఫోన్ చేసిన వేళలు, క్యాసెట్ అందుకున్న రసీదు, అన్నిటినీ జతచేసి వినియోగదారుల న్యాయస్థానానికి వెళ్తాను. పాత యంత్రాలను ప్రేమించే ప్రతి సంఘానికీ వాటి నకళ్లు పంపుతాను. సాధనానికి చెల్లించిన సొమ్ము గురించి అప్పుడు మాట్లాడదాం. నా క్యాసెట్ విషయంలో మాత్రం గడువు లేదు. అది ఇప్పుడే, ఈ రోజే వెతికించండి.

ఇట్లు,
మీ తొమ్మిదేళ్ల వినియోగదారు

తా.క.: క్యాసెట్‌ను గుర్తుపట్టడానికి: పెట్టె మీద నీలి సిరాతో “లెక్కలు 1–6” అని ఉంటుంది, మూత కుడి మూల విరిగింది. మొదటి వైపు 1200 బాడ్ వేగంతో, రెండో వైపు అవే ప్రోగ్రాములు నెమ్మదైన 300 బాడ్ వేగంతో ఉన్నాయి. రెండో వైపు ఒక్కో భాగం చదవడానికి అయిదు నిమిషాలకు తక్కువ పట్టదు కనుక నడుమ ఆపవద్దని పరీక్షించేవారికి చెప్పండి. స్పీకర్ల పక్కన పెట్టవద్దు. తిరిగి పంపేముందు టేపును మొదటికంటా చుట్టించండి, సగంలో ఆగి ఉంటే అక్కడే వదులై ముడతపడుతుంది.