3.5 మిల్లీలీటర్ల దగ్గర డాక్టరును లేపిన సిస్టర్‌కు

రాత్రే కావలి చేరాం. కళ్ళు ఇంకా మండుతున్నాయి, తప్పులుంటే సర్దుకుని చదవండి. మా అక్క కొడుక్కి తొమ్మిది నెలలు, బరువు ఏడు కిలోలు. గుండెలో రంధ్రం మూసే ఆపరేషన్ బాగా జరిగింది. సర్జన్ గారికి, మత్తు డాక్టరు గారికి దణ్ణాలు. అక్కా బావా అమ్మా ఎలాగూ ఉన్నారు, వాళ్ళకి వేరే చెప్పేదేముంది. ఈ నాలుగు ముక్కలూ ఐసీయూ నైట్ డ్యూటీ సిస్టర్ గారి కోసం. పేరు రాయొద్దన్నారు, రాయడం లేదు.

ఆపరేషన్ అయిన రాత్రి అందరి చూపూ మానిటర్ మీదే. ఆవిడ చూపు మాత్రం మంచం పక్కన వేలాడే యూరిన్ డబ్బా మీద. గంట గంటకీ వంగి గీత చూసి మిల్లీలీటర్లలో రాసుకున్నారు: 9, 7, ఆ తర్వాత 3, 3, 2. కిలోకి గంటకు అర మిల్లీలీటరు కన్నా తగ్గితే కిడ్నీని అనుమానించాలి. ఏడు కిలోల బిడ్డకి అది 3.5. ఆరు గంటలు అలాగే ఉంటే కిడ్నీకి దెబ్బ తగిలినట్టు లెక్క. ఆవిడ ఆరు గంటలు ఆగలేదు, మూడో గంటకే కదిలారు.

ముందు మూత్రం గొట్టం చూశారు. తొడ కింద మడత పడిందా, పొత్తికడుపు ఉబ్బిందా అని. పిల్లల గొట్టం సన్నం, చిన్న గడ్డ చాలు మూసుకుపోవడానికి. అదేం లేదు. రంగు మాత్రం టీ డికాషన్‌లా ఉంది. ఆపరేషన్‌లో గుండె, ఊపిరితిత్తుల పని చేసే బైపాస్ మిషన్‌లో ఎర్రకణాలు పగిలితే అలా వస్తుంది, ఆ రంగు పదార్థమే కిడ్నీని గాయపరుస్తుంది కూడా. తర్వాత లోపలికి ఎంత పోయిందో కూడారు. మందులు కలిపిన సెలైనే కాదు, లైన్లు కడిగిన నీళ్ళతో సహా 410 మిల్లీలీటర్లు. ఛాతీ గొట్టంతో కలిపి బయటికొచ్చింది 130. మిగిలిన 280, ఏడు వేల గ్రాముల బిడ్డకి నాలుగు శాతం. పది శాతం దాటితే ఊపిరితిత్తుల్లో నీరు చేరొచ్చు, వెంటిలేటర్ తియ్యడం కష్టం కావచ్చు.

ఈ కాగితం చేతిలో పెట్టుకుని డాక్టరును లేపారు. ఆయన వెంటనే లాసిక్స్, అంటే మూత్రం పెంచే మందు, ఇవ్వలేదు. ముందు బీపీ, ఎకో (గుండె స్కాన్) చూశారు. గుండె సరిగా తొయ్యకపోతే కిడ్నీకి రక్తమే అందదు, అప్పుడు లాసిక్స్ ఏం చేస్తుంది? గుండెకి ఆసరా మందు పెంచి, ఆ తర్వాతే లాసిక్స్. వెయ్యాల్సిన అమికాసిన్ అనే యాంటీబయాటిక్ ఆపించారు, అది కిడ్నీ మీద పడే మందు. పొట్టలో గొట్టం వేసి చేసే డయాలసిస్‌కి సామాను పక్కన పెట్టించారు. అవసరం పడలేదు. తెల్లారేసరికి గంటకు 6, 8 వచ్చింది.

నేను ల్యాబ్ టెక్నీషియన్ని కాబట్టి ఇది చెప్పి తీరాలి. ఆపరేషన్‌కి ముందు రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ బయటికి పంపాల్సిన వ్యర్థం) 0.3. మర్నాడు పొద్దున 0.4, ఒంట్లో నీరెక్కువై పలచబడిన అంకె అది. రెండో రోజు 0.6. రిపోర్టులో దాని పక్కన ‘నార్మల్’ అని ఉంది! అచ్చేసిన రేంజి పెద్దవాళ్ళది, 0.6 నుంచి 1.2. ఈ బిడ్డకి 0.6 అంటే రెండింతలు, రెండో దశ దెబ్బ. క్రియాటినిన్ ఒకటి రెండు రోజులు ఆలస్యంగా పెరుగుతుంది. మూత్రంలో ఎన్‌గాల్ అనే ప్రొటీన్ బైపాస్ తర్వాత రెండు గంటలకే పెరుగుతుందని 2005లోనే 71 మంది పిల్లల్లో చూసి లాన్సెట్ అనే వైద్య పత్రికలో వేశారు. ఇన్నేళ్ళకీ ఆ రాత్రి అక్కడ ఆ పరీక్ష లేదు. ఉన్నదల్లా ఆ గీతల డబ్బా, ముగ్గురు పిల్లల్ని ఒక్కతే చూసుకుంటున్న ఆ సిస్టర్.

ఒక్కళ్ళకి ముగ్గురేంటండీ? డిశ్చార్జి కాగితంలో కిడ్నీ మాటే లేదు. అడిగితే ‘గుండె బాగుందిగా’ అన్నారు. కనిగిరి వైపు కిడ్నీ కష్టాలు చూసినవాళ్ళం, అంత తేలిగ్గా ఎలా తీసుకుంటాం? మూడు నెలలకి బీపీ, క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీన్ చూపించమని ఆ సిస్టరే చీటీ రాసిచ్చారు. క్రియాటినిన్ ఎప్పుడూ ఒకే ల్యాబులో, వీలైతే ఎంజైమ్ పద్ధతిలో చేయించండి. పాత జాఫే పద్ధతి చిన్నపిల్లల్లో ఎక్కువ చూపిస్తుంది. జ్వరమొస్తే పారాసెటమాల్ మాత్రమే, డాక్టరును అడక్కుండా ఐబుప్రొఫెన్ వద్దు.

మూత్రం గొట్టం తీశాక డైపర్ తూచడం అక్కకి నేర్పిందీ ఆవిడే. పొడి డైపర్ 22 గ్రాములు, తడిది 61. తేడా 39, అంటే 39 మిల్లీలీటర్లు. దొడ్డికి పోతే ఆ డైపర్ విడిగా రాయాలి, కలిపితే లెక్క చెడుతుంది.

అయ్యో, రక్తమిచ్చిన కావలి కుర్రాళ్ళని మరిచాను. అంగన్‌వాడీకి వచ్చి గుండె చప్పుడులో తేడా మొదట పట్టిన ఆర్‌బీఎస్‌కే (పిల్లల ఆరోగ్య పరీక్షల సర్కారు పథకం) డాక్టరమ్మని కూడా. వేడినీళ్ళిచ్చిన క్యాంటీన్ పెద్దమ్మని. ఆ, డైపర్లు తూచిన చిన్న కాటా ఎదురు మంచం పాప వాళ్ళ నాన్నది, ఒంగోలులో పచ్చళ్ళ కొట్టాయన. పొరపాటున మా సంచిలో వచ్చేసింది. ఆయన్ని ఎరిగినవాళ్ళుంటే చెప్పండి, ఈ ఆదివారం తెచ్చిస్తాను.