జూన్‌టీన్త్ రోజు మా అమ్మను ఆదుకున్న పెద్దావిడకు

అట్లాంటాలో, అమెరికా నల్లజాతివాళ్లు బానిసత్వం నుంచి బయటపడ్డ గుర్తుగా జరుపుకునే జూన్‌టీన్త్ ప్రదర్శన చూడ్డానికి అమ్మను తీసుకెళ్లాం. పాట మంచి ఊపులో ఉండగా ఎండకి అమ్మకు కళ్లు తిరిగాయి. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. వెనక వరసలోంచి మీరు లేచి వచ్చారు. అమ్మను నీడకు నడిపించి, మీ స్కార్ఫ్ తడిపి మెడ చుట్టూ వేసి, కొద్దికొద్దిగా నీళ్లు తాగించారు. పారామెడిక్ బీపీ చూసి ఫరవాలేదన్నాక కూడా మీరు కదల్లేదు.

అసలు చెప్పాలనుకున్నది ఆ తర్వాతి సంగతి. అమ్మ చూపంతా వేదిక మీదే ఉందని మీరే కనిపెట్టారు. ముందున్నవాళ్లను కాస్త జరగమని అడిగి, కనబడేలా కుర్చీ వేయించారు. అక్కడ జార్జియా తీరప్రాంతపు రింగ్ షౌట్, అంటే బానిసల కాలం నాటి పాటా ఆటా, సాగుతోంది. ఒకరు పాట ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటున్నారు. ఒకాయన కర్రతో చెక్క మీద దరువేస్తున్నాడు. ఆడవాళ్లు పాదం పాదం దాటకుండా, నేలకు రాస్తూ గుండ్రంగా తిరుగుతున్నారు. అమ్మకు ఇంగ్లీషు రాదు. మీరు ఆవిడ అరచేయి తెరిచి, ఆ దరువునే వేళ్లతో అందులో వేశారు! బానిసలు చేసిన స్టోనో తిరుగుబాటు తర్వాత 1740లో సౌత్ కరోలినా చట్టం బానిసలకు డ్రమ్ములు లేకుండా చేసిందని, అప్పుడు చేతులూ కాళ్లే వాయిద్యాలయ్యాయని నాకు చెప్పి, అమ్మకు తెలుగులో చెప్పమన్నారు. చెప్పాను. అమ్మ కూడా చప్పట్లు అందుకుంది.

పేరు అడిగేలోపే మీవాళ్లు పిలిస్తే వెళ్లిపోయారు. అమ్మ ఇప్పుడు కులాసాగా ఉంది. మీ పండగ రోజున, మీ పూర్వీకుల పాట వదిలి మా అమ్మ కోసం లేచి వచ్చారు. మా ఇంటిల్లిపాదీ మీకు చేతులెత్తి నమస్కరిస్తున్నాం.