మంచు చూడలేదన్న బాబు

తల్లిదండ్రులకు నమస్కారం.

పోయిన వారం నాలుగో తరగతి పిల్లల్ని ‘మంచు’ మీద ఐదు వాక్యాలు రాయమన్నాం. ఒక బాబు ఖాళీ పేజీ ఇచ్చాడు. ఎందుకని అడిగితే, “మంచు కశ్మీర్‌లో కదా సార్ ఉండేది, నేను చూడలేదు” అన్నాడు. ఆ పొద్దున వాడు శనగచేల గట్టు మీదుగా నడిచి వచ్చాడు. ప్యాంటు మోకాళ్ల దాకా తడిసే ఉంది.

ఆ జవాబు నన్ను వదల్లేదు. ఇంగ్లీషులో స్నో, ఫాగ్, డ్యూ అని వేర్వేరుగా పిలిచేవాటిని మనం ఒక్క మాటతో పిలుస్తాం. అయినా ఇంట్లో ఎవరూ తికమకపడరు, పక్కనున్న క్రియే విషయం చెప్పేస్తుంది. ‘మంచు కరిగింది’ అంటే గడ్డకట్టింది నీరైంది. ‘మంచు విడిపోయింది’ అంటే ఇక దారి కనిపిస్తుంది. ‘మంచుకు తడిసింది’ అంటే గడ్డి మీది బొట్లు. పాఠంలో పొగమంచు, మంచుబిందువులు అని విడదీసి చెబుతాం, అది అవసరమే. కానీ ఇంట్లో వినే మాట, పుస్తకంలోని మాట ఒకటేనని పిల్లలకు తెలియకపోతే ఆ తప్పు మాదే.

మన చేలలో ఈ మాట ఇంకా బతికే ఉంది. వానలు ఆగాక నల్లరేగడిలో మిగిలిన తేమతో, రాత్రి మంచుతో శనగ పెరుగుతుంది. ఆ ఆకుల మీది మంచు పుల్లగా ఉంటుంది, ఆకు నూగులోంచి ఊరే ఆమ్లాలే కారణం. మామిడి రైతులు ‘తేనెమంచు’ అంటారు. అది నీరే కాదు, పూత రసం పీల్చే పురుగులు వదిలే జిగురు. దాని మీదే నల్లటి మసిలా బూజు పడుతుంది. మంచుకు పేరుపడ్డ అల్లూరి జిల్లా లంబసింగికి ‘కొర్రబయలు’ అని ఇంకో పేరుంది. చలిలో బయట ఉంటే కొయ్యలా బిగుసుకుపోతారని ఆ పేరుకు అర్థం చెబుతారు.

ఈ ఆదివారం పిల్లల్ని తాతయ్య, నాయనమ్మల దగ్గర కూర్చోబెట్టండి. మంచు గురించి వాళ్లు అనే మాటలు వాళ్ల యాసలోనే రాసుకుని రమ్మనండి. అక్షరదోషాలు దిద్దకండి.

బస్సు సంగతి ఒకటి. పొగమంచు గాలిలో తేలే సన్నటి నీటిబొట్లు. పెద్ద లైటు వేస్తే వెలుగు వాటికి తగిలి డ్రైవరు కళ్లలోకే తిరిగొస్తుంది. అందుకే చిన్న లైటుతో నెమ్మదిగా రమ్మన్నాం. పది, పదిహేను నిమిషాలు ఆలస్యమైతే టెన్షన్ పడకండి, పిల్లల్ని రోడ్డు అంచున నిలబెట్టకండి.

మీ ప్రధానోపాధ్యాయుడు