గడ్డ తగ్గింది సరే, ఆయుష్షు?

సంపాదకునికి,

పెద్దపేగు కేన్సర్ కాలేయానికి పాకినవాళ్లు కీమో మొదలెట్టిన రెండు నెలలకు స్కాన్ రిపోర్టు పట్టుకుని వస్తారు. తిరుపతి ఓపీల్లో మొదటి ప్రశ్న ఒకటే: ‘‘గడ్డ తగ్గిందా సార్?’’

గడ్డ ఒక్కటే అనుకుందాం. 50 మిల్లీమీటర్లది 35కు దిగితే 30 శాతం తగ్గినట్టు. దాన్నే పాక్షిక స్పందన అంటారు. ఆ తర్వాత పెరుగుదల చూసేది మొదటి 50తో పోల్చి కాదు, అన్నిటికన్నా తక్కువైన ఆ 35తో. 35 కాస్తా 42 అయిందంటే, అంటే 20 శాతం పెరిగిందంటే, జబ్బు ముదిరినట్టే. ఒకసారి చిత్తూరులో, ఒకసారి తిరుపతిలో స్కాన్ తీయించి, స్కాన్ బొమ్మ తీసే పొరల (స్లైసు) మందం మారినా, గడ్డ స్పష్టంగా కనబడేందుకు ఇచ్చే కాంట్రాస్టు మందు ఎక్కించకపోయినా ఈ కొలతలు తప్పుతాయి. పాత సీడీలు తేకుండా కాగితం ఒక్కటే తెస్తే ఏం పోల్చాలి?

గడ్డ తగ్గినవాళ్లు ఎక్కువ కాలం బతకడం నిజమే. అంతమాత్రాన ఎక్కువమందిలో గడ్డ తగ్గించే మందు ఆయుష్షునూ అంతే పెంచుతుందనుకోలేం. 25 ట్రయల్స్‌లోని 3,791 మంది వివరాలు కలిపి 2000లో లాన్సెట్ వైద్య పత్రిక ప్రచురించిన విశ్లేషణలో తేలిందిదే. గడ్డ చిన్నదై ఆపరేషన్‌కు వీలైతే మాత్రం లెక్క వేరు. కాబట్టి ‘‘ఇప్పుడు కోసి తీసేయొచ్చా?’’ అని కూడా అడగండి.

తొలి వారాల్లో సీఈఏ (ఈ కేన్సర్‌లో పెరిగే ఒక ప్రోటీన్) రక్తపరీక్షలో అంకె పెరిగిందని మందు మార్చమని పట్టుబట్టొద్దు. కొందరిలో అది కొన్నాళ్లు పెరిగి దిగుతుంది.

- కేన్సర్ వైద్యులు, తిరుపతి